రక్తం పోతున్న రోగికి గడ్డకట్టనివ్వని ఇంజెక్షన్ ఎందుకు? పేగు పుండ్లు, ఫ్యాక్టర్ 13 గురించి ఒక సమాధానం

అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన సంగతి ఇది. మీ తమ్ముడికి 27 ఏళ్ళు. రెండేళ్ళుగా అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు వాచి పుండ్లు పడే జబ్బు ఉంది. వారం రోజులుగా రోజుకు పదిసార్లకు పైగా రక్తంతో విరేచనాలు అవుతుండటంతో నిన్న ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ స్టిరాయిడ్‌తో పాటు పొట్ట చర్మం కింద రోజూ ఒక ఇంజెక్షన్ ఇవ్వాలన్నారు. అది రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ జాతి మందు అని తెలిసి, రక్తం కారుతున్నవాడికి ఇదేం వైద్యమని మీ నాన్నగారు వద్దని పట్టుబట్టారు. ఇంకోవైపు, ఈ జబ్బులో రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లలో ఒకటైన ఫ్యాక్టర్ 13 తగ్గుతుందని, అందుకే పేగులోని పుండ్లు మానవని మీరు ఎక్కడో చదివారు. ఆ ఫ్యాక్టర్‌ను ఎక్కించమని డాక్టర్లను అడగాలా అన్నది మీ రెండో ప్రశ్న.

జవాబు ముందే చెబుతాను. ఆ ఇంజెక్షన్‌ను ఆపించకండి. ఫ్యాక్టర్ 13 కోసం డబ్బు, సమయం ఖర్చు పెట్టకండి. నేను జీర్ణకోశ వ్యాధుల వైద్యంలో 22 ఏళ్ళుగా ఉన్నాను. మీ నాన్నగారు వేసిన ప్రశ్నను నేను వందలసార్లు విన్నాను. అది తెలివితక్కువ ప్రశ్న కాదు. కళ్ళెదుట రక్తం పోతుంటే ఎవరికైనా అదే అనిపిస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట మామూలు గాయం సంగతి చూద్దాం. కూరగాయలు తరుగుతుంటే వేలు తెగిందనుకోండి. తెగిన చోట ప్లేట్‌లెట్లు చేరి అడ్డుపడతాయి. ఆ వెంటనే ఒకదాన్నొకటి మేల్కొలిపే ఫ్యాక్టర్ల వరుస కదిలి, చివరకు త్రాంబిన్ అనే ఎంజైము తయారవుతుంది. రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్‌ను ఈ త్రాంబిన్ ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది. ఇక్కడితో పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు, కానీ ఆ పోగులు అప్పటికి ఒకదానికొకటి ఆనుకుని మాత్రమే ఉంటాయి. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు వెదురు బొంగులతో సారవ కడతారు కదా. బొంగులు నిలబెట్టినంత మాత్రాన దాని మీదికి మనిషి ఎక్కలేడు, బొంగూ బొంగూ కలిసే ప్రతిచోటా తాడుతో బిగించాలి. ఫైబ్రిన్ పోగులను అలా బిగించేదే ఫ్యాక్టర్ 13. త్రాంబిన్, కాల్షియం కలిసి దాన్ని మేల్కొలిపితే అది పోగులను రసాయనికంగా ఒకదానితో ఒకటి కలిపి కడుతుంది. అంతేకాదు, ఆ వలను ముందే కరిగించివేయకుండా కాపాడే మరో ప్రోటీన్‌ను కూడా వలకే అతికిస్తుంది.

ఈ బిగింపు సంగతిని 1948లో హంగరీకి చెందిన లాకి, లోరాండ్ అనే శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ప్లాస్మాలోని ఒక పదార్థం ఉంటే తప్ప ఫైబ్రిన్ గడ్డ యూరియా ద్రావణంలో కరగకుండా నిలవదని వారు చూపించారు. 1960లో స్విట్జర్లాండ్ వైద్యులు పుట్టుకతోనే ఈ ఫ్యాక్టర్ లేని ఒక బాలుడి గురించి రాశారు. ఇలాంటి పిల్లల్లో బొడ్డుతాడు ఊడే రోజుల్లో రక్తం ఆగకుండా కారడం, దెబ్బ తగిలినప్పుడు మొదట ఆగిన రక్తం మళ్ళీ మొదలుకావడం, గాయాలు చాలా ఆలస్యంగా మానడం కనిపిస్తాయి. గడ్డకట్టడానికీ గాయం మానడానికీ ఉన్న బంధం వైద్యులకు స్పష్టంగా కనబడింది ఈ అరుదైన జబ్బులోనే. ఎందుకంటే ఫైబ్రిన్ వల రక్తాన్ని ఆపి ఊరుకోదు. మానే పనికి వచ్చే కణాలన్నీ పాకి వచ్చేది దాని మీదుగానే. సారవ గట్టిగా లేకపోతే మేస్త్రీ పని సాగదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి, ఎందుకంటే చాలామంది రిపోర్టు చూసి పొరబడతారు. గడ్డకట్టే శక్తిని చూడటానికి మామూలుగా చేసే పీటీ, ఏపీటీటీ పరీక్షల్లో ఫ్యాక్టర్ 13 లోపం బయటపడదు. ఆ పరీక్షలు ఫైబ్రిన్ పోగు ఏర్పడిన క్షణంలో గడియారాన్ని ఆపేస్తాయి. పోగులకు ముడి పడిందా లేదా అన్నది చూడవు. దాన్ని చూడాలంటే ప్రత్యేకంగా ఆ ఫ్యాక్టర్ పనితీరును కొలవాలి. అదే పీటీ, దాన్నే అంకెగా చెప్పే ఐఎన్‌ఆర్ పెరిగి ఉంటే మాత్రం మన ఆలోచన వేరే దారిలో, చాలావరకు విటమిన్ కె లోపం వైపు సాగాలి. సరిగా తినలేకపోవడం, ఎక్కువ రోజులు యాంటీబయాటిక్స్ వాడటం, క్రోన్స్ అనే మరో పేగు వాపు వ్యాధిలో చిన్నపేగు చివరి భాగం దెబ్బతినడం లేదా ఆపరేషన్‌లో తీసేయడం వల్ల ఈ లోపం వస్తుంది. విటమిన్ కె ఇస్తే సరిదిద్దుకునే లోపమిది.

ఇప్పుడు పేగులోకి వద్దాం. అల్సరేటివ్ కొలైటిస్‌లో పెద్దపేగు లోపలి పొర మలద్వారం దగ్గర మొదలై పైకి వరసగా వాచి, ఒరిసి, పుండ్లు పడుతుంది. రక్తం కారేది ఒక పెద్ద నాళం తెగడం వల్ల కాదు. ఒరిసిపోయిన విశాలమైన ఉపరితలం మీది సన్నని నాళాల నుంచి అది చెమర్చినట్టు వస్తుంది. క్రోన్స్ వ్యాధి దీనికి భిన్నంగా పేగు గోడ మొత్తం మందాన్నీ పట్టుకుంటుంది. రెండింటిలోనూ జబ్బు రేగిన సమయంలో రక్తంలోని ఫ్యాక్టర్ 13 తగ్గుతుందన్నది నిజమే. మీరు చదివింది అబద్ధం కాదు. వాచిన పేగు గోడలో అది ఎక్కువగా ఖర్చవుతుంది, రక్తంతో పాటు కొంత పోతుంది, పుండులో గుమిగూడిన తెల్లకణాలు విడుదల చేసే ఎంజైములు కొంత ముక్కలు చేస్తాయి. జబ్బు ఎంత ఎక్కువగా ఉంటే ఈ తగ్గుదల అంత ఎక్కువగా ఉండటాన్ని పరిశోధకులు గమనించారు.

అయితే అదే రోగి రక్తంలో మిగతా సామగ్రి అంతా ఎదురు దిశలో ఉంటుంది. ఈ విషయమే మీ నాన్నగారికి చెప్పాలి. పేగులో వాపు పుట్టించే టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ 6 లాంటి రసాయనాలు పేగులోనే ఉండిపోవు; రక్తంలో ఒళ్ళంతా తిరుగుతాయి. వాటి ప్రభావంతో కాలేయం ఫైబ్రినోజెన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. ఫ్యాక్టర్ 8 పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు సంఖ్యలో పెరగడమే కాక, చిన్న కారణానికే ఒకదానికొకటి అంటుకునే స్థితికి వస్తాయి. తెల్లకణాల మీద టిష్యూ ఫ్యాక్టర్ మొలుస్తుంది. అది గడ్డకట్టే వరుసకు అగ్గిపుల్ల లాంటిది. ఆరోగ్యంగా ఉన్న రక్తనాళం లోపలి గోడ ప్రోటీన్ సి అనే రక్షకుడిని మేల్కొలిపి, అనవసరంగా గడ్డకట్టకుండా చూస్తుంది. వాపులో ఆ గోడ తన పని మరచిపోతుంది. ఏర్పడిన గడ్డను కరిగించే యంత్రాంగానికి కూడా కళ్ళెం పడుతుంది. ఇన్ని మార్పులు కలిసి, పేగు పుండు నుంచి రక్తం కారుతున్న మనిషికే కాలి సిరలో, ఊపిరితిత్తిలో, ఒక్కోసారి మెదడు సిరల్లో, కాలేయానికి వెళ్ళే సిరలో రక్తం గడ్డకట్టే స్థితిని తెస్తాయి. గడ్డ ఉండవలసిన పుండు మీద అది నిలవదు, ఉండకూడని నాళంలో కడుతుంది.

ఇది ఈ మధ్య తెలిసిన సంగతి కాదు. అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన బార్గెన్, బార్కర్ అనే వైద్యులు 1936లోనే అల్సరేటివ్ కొలైటిస్ రోగుల్లో రక్తపు గడ్డల గురించి రాశారు. 2010లో బ్రిటన్‌లో కుటుంబ వైద్యుల దగ్గరి రికార్డులతో వచ్చిన పెద్ద అధ్యయనంలో, ఈ జబ్బులున్నవారికి సిరల్లో గడ్డ కట్టే ప్రమాదం మామూలు మనుషుల కంటే మూడు రెట్లకు పైగా ఉందని, జబ్బు రేగిన కాలంలో అది ఎనిమిది రెట్లు దాటుతుందని తేలింది. మీ తమ్ముడు ఇప్పుడున్నది ఆ కాలంలోనే. దానికి తోడు మంచం మీద ఉన్నాడు, ఒంట్లో నీరు తగ్గింది, స్టిరాయిడ్ నడుస్తోంది, చేతికి సెలైన్ గొట్టం ఉంది. ఇవన్నీ ఆ ప్రమాదాన్ని పెంచేవే. అందుకే తీవ్రమైన కొలైటిస్‌తో ఆసుపత్రిలో చేరిన పెద్దవారికి, రక్తవిరేచనాలు అవుతున్నా సరే, హెపారిన్ జాతి మందును నివారణ మోతాదులో ఇవ్వాలని యూరప్, అమెరికా, బ్రిటన్ వైద్య సంఘాల మార్గదర్శకాలన్నీ చెబుతున్నాయి. ఆ జాతిలోని ఎనాక్సాపరిన్ అయితే అది సాధారణంగా రోజుకు 40 మిల్లీగ్రాములు. ఆ మోతాదు వల్ల కొలైటిస్ రక్తస్రావం చెప్పుకోదగినంతగా పెరగదని అనుభవం, అధ్యయనాలు రెండూ చెబుతున్నాయి. బీపీ పడిపోయేంతగా ధారగా రక్తం పోతుంటే మాత్రం సంగతి వేరు. అప్పుడు మందు ఆపి, కాళ్ళను నొక్కే యంత్రాలను వాడతారు. కిడ్నీలు సరిగా పనిచేయనివారికి మోతాదు మారుస్తారు. ఆ నిర్ణయం చికిత్స చేస్తున్న వైద్యులది.

నేను శిక్షణలో ఉన్న తొలి ఏళ్ళలో జరిగింది ఒకటి చెబుతాను. ఇలాంటి యువకుడికే మేము హెపారిన్ రాశాం. మరునాడు విరేచనంలో రక్తం ఎక్కువగా కనబడిందని భయపడి మేమే ఆపేశాం. నాలుగో రోజు ఉదయం అతని ఎడమకాలు తొడ దాకా వాచింది. అదృష్టవశాత్తు గడ్డ ఊపిరితిత్తికి చేరకముందే గుర్తించాం. కానీ నివారణకు చిన్న మోతాదు చాలిన మనిషికి ఆ తరువాత నెలల తరబడి పూర్తి మోతాదులో మందు వాడవలసి వచ్చింది. ఆ మోతాదుతో రక్తస్రావం భయం నిజంగానే ఎక్కువ. ఆ కాలిని చూసిన రోజు నుంచి, రక్తం కనబడుతోందన్న ఒక్క కారణంతో నేను ఈ ఇంజెక్షన్‌ను ఆపలేదు.

ఒకప్పుడు ఈ హెపారిన్‌నే కొలైటిస్‌కు మందుగా వాడితే ఎలా ఉంటుందన్న ఆలోచన కూడా వచ్చింది. 1990ల తొలినాళ్ళలో, కాలి సిరలో గడ్డ కట్టినందుకు హెపారిన్ ఇచ్చిన కొందరు కొలైటిస్ రోగులకు పేగు జబ్బు కూడా తగ్గినట్టు వైద్యులు గమనించారు. తరువాత పద్ధతిగా జరిగిన పరీక్షల్లో ఆ ఆశ నిలవలేదు. కనుక హెపారిన్ పుండును మాన్పుతుందని నేను చెప్పడం లేదు. మానేలోపు మనిషిని కాపాడుతుందని చెబుతున్నాను.

ఇక ఫ్యాక్టర్ 13. తగ్గినదాన్ని నింపితే పుండు మానుతుందన్న ఆలోచన సహజమైనదే, దాన్ని నిజాయితీగా పరీక్షించారు కూడా. స్టిరాయిడ్లకు లొంగని కొలైటిస్ రోగులకు ఈ ఫ్యాక్టర్‌ను ఎక్కించినప్పుడు రక్తం తగ్గిందని, పుండ్లు మానాయని 1990లలో జర్మనీ నుంచి మొదట కొన్ని ఉత్సాహకరమైన నివేదికలు వచ్చాయి. అయితే వాటిలో పోల్చి చూడటానికి మందు ఇవ్వని రోగుల గుంపు లేదు. ఆ తరువాత 1999లో వెలువడిన పోలిక పరీక్షలో, స్టిరాయిడ్‌కు లొంగని కొలైటిస్‌లో ఫ్యాక్టర్ 13 అదనంగా ఇవ్వడం వల్ల ప్రయోజనం కనబడలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. పునాది కింద నేల కుంగుతుంటే సారవ ముడులు ఎన్ని బిగించినా గోడ లేవదు. పుట్టుకతోనే ఆ ఫ్యాక్టర్ లేని పిల్లవాడిలో అది ఒక్కటే లోపం. నింపగానే గాయం మానుతుంది. కొలైటిస్‌లో ఆ తగ్గుదల జబ్బుకు ఫలితం. వాపు అణిగితే ఫ్యాక్టర్ స్థాయి తనంతట తానే పుంజుకుంటుంది. అది రక్తం నుంచి తయారయ్యే చాలా ఖరీదైన మందు; గడ్డకట్టే ప్రమాదం ఇప్పటికే ఎక్కువగా ఉన్న మనిషికి దాన్ని ఆధారం లేకుండా ఎక్కించడం నాకు సమ్మతం కాదు. పెద్ద ఆపరేషన్ తరువాత కారణం తెలియకుండా రక్తం కారుతూ, మిగతా పరీక్షలన్నీ సరిగా ఉన్నప్పుడు మాత్రం ఆ స్థాయిని కొలిచి చూడటంలో అర్థముంది.

ఇంకొక విచిత్రం కూడా ఉంది. ఫైబ్రిన్ అతిగా పేరుకుపోయి తొలగకపోయినా మేలు జరగదు. తెల్లకణాలు ఫైబ్రిన్‌లోని ఒక భాగాన్ని పట్టుకుని మరింత రెచ్చిపోతాయని, ఆ పట్టు దొరకకుండా ఫైబ్రినోజెన్‌ను మార్చిన ఎలుకల్లో కొలైటిస్ తక్కువగా వస్తుందని ప్రయోగాల్లో తేలింది. పని అయ్యాక సారవ విప్పాలి కదా. విప్పవలసిన వేళకు విప్పని చోట మరమ్మతు శ్రుతి మించి మచ్చగా గట్టిపడుతుంది. క్రోన్స్ వ్యాధిలో పేగు ఇరుకైపోయే గతి కొంతవరకు ఇలాంటిదే.

మరి పుండు మానేది దేనితో? పేగు లోపలి పొరకు తనను తాను బాగుచేసుకునే శక్తి చర్మం కంటే ఎక్కువ. చిన్న ఒరుపు పడితే పక్కనున్న కణాలు బల్లపరుపుగా సాగి, కొన్ని గంటల్లోనే ఆ ఖాళీని కప్పేస్తాయి. తరువాతి రోజుల్లో, పొరలోని గుంటల అడుగున ఉండే మూలకణాలు విభజన చెంది కొత్త కణాలను పైకి పంపుతాయి. చర్మం మీద అయితే పక్కు కట్టి పుండును కాపాడుతుంది; పేగులో మలం, సూక్ష్మజీవులు, ఎంజైములు నిత్యం ఒరుసుకుంటూ పోయే చోట అలాంటి పక్కు నిలవదు. కాబట్టి వాపును అణచడమే ఇక్కడ మాన్పే మందు. స్టిరాయిడ్ మంటను త్వరగా ఆర్పుతుంది, కానీ ఎక్కువ కాలం వాడితే అదే గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది; అందుకే దాన్ని వంతెనగానే వాడి, మెసలమైన్, అజాథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, వెడోలిజుమాబ్ వంటి వాటిలో తగినదానికి మారాలి. మన దగ్గర ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు ముందు క్షయ లేదని నిర్ధారించుకోవడం తప్పనిసరి. టోఫాసిటినిబ్ బిళ్ళ తక్కువ ధరలో దొరుకుతోంది కనుక దాని వాడకం పెరిగింది. అది బాగా పనిచేసే మందే, కానీ ఎక్కువ మోతాదులో ఊపిరితిత్తుల్లో గడ్డల ప్రమాదం గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో హెచ్చరించింది. ఇంతకు ముందు గడ్డ కట్టినవారు, పెద్ద వయసువారు, పొగతాగేవారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

మందులతో పాటు ముడిసరుకు కూడా కావాలి. రక్తం పోయి ఇనుము తగ్గినప్పుడు ప్లేట్‌లెట్లు మరింత పెరుగుతాయి. జబ్బు రేగినప్పుడు ఇనుము బిళ్ళలు పేగుకు పడవు, ఒంటబట్టవు, అందుకే సెలైన్ ద్వారా ఇస్తారు. ప్రోటీన్ తగ్గిన ఒంట్లో ఏ పుండూ త్వరగా మానదు. పప్పు, గుడ్డు, మెత్తని అన్నం, పెరుగు, వీటిలో అతనికి పడేవి ఏవైనా పెట్టండి. పథ్యం పేరుతో పస్తులు పెట్టకండి.

ఒక హెచ్చరిక. రక్తం ఆగడానికని ట్రానెక్జామిక్ యాసిడ్ బిళ్ళలను మన ఊళ్ళలో మందుల దుకాణాల్లో అడగగానే ఇచ్చేస్తుంటారు. అవి గడ్డను కరగనివ్వవు. జీర్ణకోశంలో తీవ్ర రక్తస్రావం ఉన్న 12,000 మందితో జరిగి 2020లో వెలువడిన పరీక్షలో ఆ మందు ప్రాణాలను కాపాడలేదు, పైగా సిరల్లో గడ్డలను పెంచింది. మొలలనుకుని నెలల తరబడి నాటు వైద్యం చేయించుకుంటూ ఈ బిళ్ళలు మింగి, ఆలస్యంగా మా దగ్గరికి వచ్చినవారు ఎందరో. ఒళ్ళు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా వద్దు, పారాసెటమాల్ చాలు.

ఇప్పుడు మీరు చూసుకోవలసినవి. ఒక కాలు మాత్రమే వాచడం, పిక్కలో నొప్పి, హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో పోటు, ముందెన్నడూ లేనంత తలనొప్పి, ఫిట్స్, వీటిలో ఏది కనబడినా వెంటనే వార్డులో చెప్పండి. ఇంటికి వెళ్ళాక అయితే 108కి ఫోన్ చేయండి. ఓపిక ఉన్నంతలో రోజూ కాసేపు నడిపించండి. డిశ్చార్జి రోజున, ఇంజెక్షన్ ఇంటి దగ్గర ఇంకా కొన్నాళ్ళు కొనసాగించాలా అని అడగండి. కొందరికి అది అవసరమవుతుంది, ముఖ్యంగా ఆపరేషన్ జరిగితే.

అన్నిటికంటే ముఖ్యమైనది స్టిరాయిడ్ మొదలుపెట్టిన మూడో రోజు. 1996లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు చూపించినదాని ప్రకారం, ఆ రోజు కూడా విరేచనాలు ఎనిమిదికి మించి అవుతుంటే, లేదా మూడు నుంచి ఎనిమిది మధ్య ఉండి, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష సీఆర్‌పీ 45 దాటి ఉంటే, స్టిరాయిడ్ ఒక్కటే చాలకపోయే అవకాశం చాలా ఎక్కువ. అప్పుడు ఇన్‌ఫ్లిక్సిమాబ్ లేదా సైక్లోస్పోరిన్ గురించి, అవసరమైతే ఆపరేషన్ గురించి డాక్టర్లు మాట్లాడతారు. ఆ మాట విని బెదిరిపోయి వేరే ఆసుపత్రులు తిరుగుతూ రోజులు పోగొట్టకండి. నిన్న చేర్చారు కనుక ఎల్లుండి ఉదయం సీఆర్‌పీ, హిమోగ్లోబిన్, ఆల్బుమిన్ ఎంత వచ్చాయో, ముందు రోజు ఎన్నిసార్లు విరేచనం అయిందో నాకు రాయండి. ఆ లెక్కను మీరే ఒక కాగితం మీద గంటగంటకూ రాసి పెడితే మీ వైద్యులకు కూడా ఉపయోగపడుతుంది.